ఎఱ్ఱచొక్కా, తెల్లచేతులు

వస్త్రములను గూర్చి వ్రాయుట స్త్రీలకును, ఆటలను గూర్చి వ్రాయుట పురుషులకును సహజమని మనలో నొక యభిప్రాయము కలదు. ఈ వ్యాసమున నేను రెంటిని గూర్చియు వ్రాయబోవుచున్నాను. దీనికి నాకు గల యర్హత మిక్కిలి స్వల్పము. ఫుట్‌బాలు ఆటను నేను శ్రద్ధతో జూచుట నా 68వ యేట మొదలైనది. అంతకుముందు ఆటస్థలముతో నాకు గలిగిన సంబంధ మొక్కటియే. 30 ఏండ్ల క్రిందట కాకినాడలో ఒక సాయంకాలమున నేను బడికి బోయి, వాలీబాలు ఆడుచున్న నా కుమార్తెను చేయి పట్టుకొని యింటికి దీసికొని వచ్చితిని. ఆ సంగతిని దాచను. కాని దానికి ముందు ఒక చొక్కా కథ చెప్పవలసియున్నది.

ఆ కుమార్తెయే యిప్పుడు భర్తతోడను, 13 ఏండ్ల కూతురితోడను ఉత్తర లండనులో కాపురముండుచున్నది. గత యేడు నేను వారియింట ఆఱునెలలుంటిని. ఆర్సెనల్ అను ప్రసిద్ధమైన ఫుట్‌బాలు క్లబ్బువారి ఆటస్థలము వారి యింటినుండి నడచిపోగలిగినంత దూరమే. ఆట జరుగు దినమున మధ్యాహ్నము మొదలు మా వీథి యెఱ్ఱబారును. ముదుసలులు, దంపతులు, తండ్రుల భుజములపై నెక్కిన పసివాండ్రు, అందఱికి నొకే విధమైన చొక్కా: నడుమ నెఱుపు, చేతులు తెలుపు. మా గోదావరి తీరమున తీర్థమునకు బోవు జనులవలెనే వారును పాటలు పాడుకొనుచు, త్రోవలో తినుబండారములు కొనుక్కొనుచు పోవుదురు. కిటికీవద్ద నిలిచి చూచుచు నేను, "ఇది వీరి సంప్రదాయము కాబోలు, తాతతండ్రులనాటినుండి మార్పులేక వచ్చుచున్నది" అని తలచితిని.

ఆ తలంపు పొరపాటని నాకు దెలిపినది నా మనుమరాలు. ఒకనాడామె తల్లితో కొత్త చొక్కాకై వాదులాడుచుండెను. పోయినయేటి చొక్కా చినుగలేదు, పొట్టి కాలేదు, మఱియొకటి యెందులకని నేనును తల్లి పక్షమున జేరితిని.

"ఇది వేరే చొక్కా అమ్మమ్మా. ప్రతి సంవత్సరమూ మారుతుంది. కాలరు చూడు, ఈ అంచు చూడు."

"ఏటేటా మారేది సంప్రదాయ మెలా అవుతుందే?"

"తెల్లచేతులు మాత్రం మారవు. అసలు అవి కూడా మొదట్లో లేవు, తెలుసా?"

ఈ తుదిమాట నా మనస్సున నాటుకొన్నది. మఱునాడు పేటలోని గ్రంథాలయమునకు బోయి ఆ క్లబ్బు చరిత్రమును అడిగి తెచ్చుకొని చదువ నారంభించితిని. చదివినకొలది, ఒక బట్ట పుట్టి పెరిగి ఆచారముగా మాఱు విధము నాకు విశదమయ్యెను. దానినే క్లుప్తముగా జెప్పెదను.

1886వ సంవత్సరమున లండను నగరమునకు తూర్పుగా, వూలిచ్ అనుచోట నున్న ప్రభుత్వ ఆయుధ కర్మాగారమున, డయల్ స్క్వేర్ అను పనిశాలకు జెందిన కార్మికులు కొందఱు ఈ జట్టును స్థాపించిరి. ఆయుధాగారమునకు ఆంగ్లమున ఆర్సెనల్ అని పేరు; తరువాత క్లబ్బునకు నదియే నిలిచినది. ఆ కార్మికులకు ఆటదుస్తులు లేవు. వారిలో ఫ్రెడ్ బియర్డ్‌స్లీ అను గోలుకీపరు పూర్వము నాటింగ్‌హామ్ ఫారెస్టు అను జట్టున నాడినవాడు. సాయము చేయుడని అతడు పాత మిత్రులకు జాబు వ్రాయగా వారు కొన్ని యెఱ్ఱచొక్కాలను, ఒక బంతిని పంపిరి.

లక్షలాది జనులు ప్రాణప్రదముగా భావించు ఆ యెఱుపునకు మూల మింతే. అది వారు కోరి యెన్నుకొన్న వర్ణము కాదు. అక్క పావడ చెల్లెలికి వచ్చినట్లు వచ్చినది. ఫారెస్టువారి చొక్కాలు నీలివియై యున్నచో నేడు మా వీథి నీలమై యుండెడిది. జనుల యుత్సాహమున కించుకయు లోపముండెడిది కాదు. 1891లో ఆ జట్టు జీతమిచ్చి యాడించు వృత్తి జట్టయ్యెను. 1913లో థేమ్సునది దాటి ఉత్తర లండనులోని హైబరీకి వచ్చెను. 2006లో చేరువనే కట్టిన నేటి విశాలమైన స్థలమునకు మాఱెను. ఊరు మాఱినది, నేల మాఱినది; అడిగి తెచ్చుకొన్న రంగు మాత్రము వెంటవచ్చినది.

ఇక తెల్లచేతులు. 1925లో హెర్బర్టు చాప్మను అను నాతడు ఈ జట్టునకు మేనేజరుగా వచ్చెను. "ఇది ఇట్లే యేల యుండవలెను?" అని ప్రతి వస్తువును ప్రశ్నించు స్వభావమాతనిది. ఆటస్థలము దాపున నున్న భూగర్భ రైలుస్టేషనునకు ఆ వీథి పేరుండగా, 1932లో దానికి ఆర్సెనల్ అను పేరు పెట్టించినవా డాతడే. నేనును పలుమారు ఆ స్టేషనున దిగితిని. ఆ కాలమున ఆటగాని వీపున అంకె యుండెడిది కాదు. గుంపులో నెవరెవరో ప్రేక్షకులకు దెలియుట కష్టము. 1928 ఆగస్టు 25వ తేదిని షెఫీల్డు నగరమున జరిగిన ఆటలో చాప్మను తనవారి వీపులపై అంకెలు కుట్టించెను. అదేదినమున చెల్సీ జట్టువారును అట్లే చేసిరి. ఈ చిన్న సౌకర్యమును లీగువారు అందఱికిని విధిగా జేయుటకు 1939 రావలసివచ్చెను. అప్పటికి చాప్మను మరణించి అయిదేండ్లయినది.

ఎఱ్ఱచొక్కాకు తెల్లచేతులు తొడిగినవాడును ఆతడే. తెల్లచొక్కాపై చేతులులేని యెఱ్ఱ స్వెట్టరు వేసికొన్న యొకనిని ఆటస్థలమున జూచి ముచ్చటపడెనని కొందఱందురు. టామ్ వెబ్‌స్టరు అను వ్యంగ్యచిత్రకారుడు అట్టి వేషముతో గోల్ఫు ఆటకు వచ్చుట చూచి యనుకరించెనని మఱికొందఱందురు. ఏదియెట్లున్నను 1933 మార్చి 4వ తేదిని ఆర్సెనలువారు తెల్లచేతులతో మొదటిసారి హైబరీలో నాడిరి. ఆడి, లివర్‌పూలువారిచేత ఓడిరి! మన యిండ్లలోనైనచో "కొత్తబట్ట అచ్చిరాలేదు" అని దానిని పెట్టె యడుగున దాచియుందుము. చాప్మను శకునములు చూడలేదు. ఆ యేడు లీగు విజయము వారికే దక్కినది. తరువాతి రెండేండ్లును వారికే దక్కినది. ఆ చొక్కా నిలిచిపోయినది.

నిలిచినదన్నను నిరాటంకముగా గాదు. 1965 మొదలు 1967 వఱకు రెండు సీజనులు చేతులుగూడ ఎఱుపే చేసిరి. పిమ్మట తెలుపును తిరిగి తెచ్చిరి. 1981లో మొట్టమొదటిసారిగా జపానుదేశపు కంపెనీ యొకటి తన పేరును ఆ చొక్కా ఱొమ్మున వ్రాయించుకొనెను. 2006 మొదలుకొని అచ్చట నొక విమానకంపెనీ పేరున్నది. ఆటస్థలమునకును దాని పేరే. కుట్టించి యిచ్చు వర్తకులును మాఱుచు వచ్చిరి. హైబరీలో నాడిన కడపటి యేడు, అనగా 2005-06లో, 1913నాటి వర్ణమిదియే యని చెప్పి ముదురెఱుపు చొక్కాలు తొడిగిరి. పాతదానిని స్మరించుటకు గూడ కొత్తచొక్కా యొకటి యమ్మవలసివచ్చినది!

ఇచ్చట నేను నా మనుమరాలితో గట్టిగా వాదించితిని. మార్పు అనినంతమాత్రమున మంచిది కాదు. వీపుపై అంకె కుట్టుట చూచువానికి మేలు. కాలరు వెడల్పు అంగుళము తగ్గించుట అమ్మువానికి మేలు. మొదటిదానిని సంస్కరణమనవచ్చును, రెండవది వర్తకము. మన చీరల యంచుల విషయమునను ఈ భేదము గుర్తుంచుకొన్న గృహములు కొంత ధనము మిగుల్చుకొనును. బాలిక నా వాదమును విని, "సరే అమ్మమ్మా, ఈ యేడాది వద్దులే" అన్నది. నేను గెలిచితినని సంతసించితిని. ఆ సంతోష మెంతోకాలము నిలువలేదు.

ఆ బాలికయు ఆడును. పేటలోని బాలికల జట్టొకటి కలదు. అభిమానముకొలది వారును ఆర్సెనలువారివలె ఎఱ్ఱచొక్కా, తెల్ల నిక్కరు ధరింతురు. ఈ యవకాశము తేరగా వచ్చినది కాదని పాఠకులకు జెప్పవలెను. ఆంగ్లదేశపు ఫుట్‌బాలు సంఘము 1921 డిసెంబరు 5వ తేదిని, ఈ యాట స్త్రీలకు దగదని తీర్మానించి, తన క్లబ్బుల స్థలములలో స్త్రీలను ఆడనీయరాదని కట్టడి చేసెను. అంతకు ముందటి యేడే లివర్‌పూలు నగరమున స్త్రీల యాట నొకదానిని 53,000 మంది చూచిరి! ఆ కట్టడి తొలగుటకు 1971 రావలసివచ్చినది. ఆర్సెనలువారి మహిళాజట్టు 1987లో ఏర్పడినది. దానిని స్థాపించి పెంచిన విక్ ఏకర్స్ అనునాతడు, చిరకాలము పురుషుల జట్టునకు ఆటదుస్తులు సిద్ధము చేయు పనిలో నుండినవాడు. బట్టలు మడతపెట్టుచు, మిగిలిన కాలమున స్త్రీలకు శిక్షణమిచ్చి, 2007లో వారిచేత ఐరోపా విజయమును సాధింపజేసెను. 2025లో లిస్బను నగరమున ఆ జట్టు బార్సిలోనా స్త్రీలను గెలిచి మరల నట్టి విజయము నందెను. వారు తొడుగునదియు తెల్లచేతుల యెఱ్ఱచొక్కాయే.

ఇట్టి కథలు చెప్పుచు పొంగిపోవు నా మనుమరాలు ఒక శనివారమున కడుపునొప్పియని ఆటకు బోలేదు. తరువాతి నెలలోను అట్లే జరిగినది. మూడవమారు నేనామె ప్రక్కన గూర్చుండి నెమ్మదిగా నడిగితిని. చాలసేపు మాటాడలేదు. పిదప గోడవైపు దిరిగి, "తెల్ల నిక్కరు అమ్మమ్మా" అన్నది. మఱికొంతసేపటికి, "మొన్న ఒకమ్మాయి ఆట మధ్యలోనే ఏడుస్తూ వెళ్ళిపోయింది. అందరూ చూశారు" అన్నది.

ఇంతకంటె వివరింపనక్కఱలేదు. ఆడుబిడ్డలుగల తల్లులకు దెలియును, తండ్రులకును దెలియవలసినది. ఈ సంగతి వ్రాయుటకు ముందు ఆ బాలిక యనుమతి నడిగితిని. "రాయి. రాస్తేనే కదా తెలిసేది" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కాకినాడ సాయంకాలము కన్నులకు గట్టినది. నా కుమార్తెకును అప్పుడు 13 ఏండ్లే. ఈడేరి నెల దాటలేదు. బడిజట్టున నాడుటకు మోకాళ్ళపైకి నిక్కరు తొడుగవలెనని విని నేను వెళ్ళి పిలుచుకొని వచ్చితిని. ఆటలు నేర్పు పంతులమ్మ గుమ్మమువఱకు వచ్చి, "బాగా ఆడుతుందండీ, ఈ ఒక్క ఏడాది చూడండి" అని బతిమాలినది. "మా యింట ఆచారము కాదు" అంటిని. దారిలో నా బిడ్డ, "ఆ ఆచారం ఎవరు పెట్టారమ్మా?" అని యడిగినది. నాకు సమాధానము దోచలేదు. దోచనందువలననే కోపము వచ్చినది. ఆమె మఱి యడుగలేదు. మఱి బంతి పట్టలేదు.

పెద్దలు నిర్బంధించిరని చెప్పుకొనుటకును నాకు వీలులేదు. మా యత్తగారు అప్పటికే కాలము చేసిరి. నా భర్త యీ విషయమున నోరెత్తలేదు. మా యింట అంతకుముందు ఏ బాలికయు వాలీబాలు ఆడనేలేదు; ఇక దానిని నిషేధించు ఆచార మెక్కడిది? ఆ ఆచారమును ఆ గుమ్మమున నిలిచి, ఆ క్షణమున, నేనే పెట్టితిని. ఇరుగుపొరుగువా రేమందురో యను భయమునకు ఆచారమని పేరు పెట్టితిని. అంతే. ఒక గోలుకీపరు వ్రాసిన జాబువలన వచ్చిన రంగు సంప్రదాయమైనట్లే, ఒక తల్లి పిఱికితనమును ఆచారము కాగలదు. మూలము మఱచిపోయిన తరువాత రెండును ఒక్కతీరుగనే పూజ్యములుగా గనబడును.

నా మనుమరాలి కష్టము వేఱు. ఆమెను ఎవరును వలదనలేదు. చట్టము పొమ్మన్నది, బడి పొమ్మన్నది, తలిదండ్రులు పొమ్మనిరి. మూరెడు తెల్లబట్ట మాత్రము వలదన్నది. ఆ బట్టను నిర్ణయించినవారు దుర్మార్గులు కారు. తొడుగువారిని అడుగలేదు, అంతే. తెల్ల నిక్కరు మొదట పురుషులకొఱకు ఏర్పడినది. స్త్రీలు ఆటలోనికి వచ్చినప్పుడు వారికిని అదే యిచ్చి, సమానత్వము సిద్ధించినదని తృప్తిపడిరి.

ప్రొద్దున నేను కుమార్తెతో సంగతి చెప్పితిని. ఆమె యించుకసేపు నావంక జూచి, 2022లో ఐరోపా విజయమందిన ఇంగ్లండు స్త్రీల జట్టును గూర్చి చెప్పినది. వారిది నఖశిఖపర్యంతము తెల్లదుస్తు. ఆర్సెనలు క్రీడాకారిణి బెత్ మీడ్ మొదలగువారు, నెలసరి దినములలో తెల్ల నిక్కరు తమకు ఇబ్బందియని బహిరంగముగా జెప్పిరి. 2023 ఏప్రిలున వచ్చిన కొత్తదుస్తులలో నిక్కరు నీలిరంగునకు మాఱినది. తెలుపు తప్ప వేఱొండు సహింపని వింబుల్డను టెన్నిసువారును ఆ యేటి యాటలనుండి స్త్రీలు లోపల ముదురురంగు లాగులు ధరించుటను అనుమతించిరి. దేశమునకంతకు ప్రతినిధులైనవారికి మాఱిన బట్ట, మాపేట పిల్లలకేల మాఱరాదు?

మేమిద్దఱము బాలికల శిక్షకునివద్దకు బోయితిమి. అతడు పాతికేండ్లవాడు. విని మొగ మెఱ్ఱవారగా, "ఇన్నాళ్ళు నాకెవ్వరును చెప్పలేదు, నేనును అడుగలేదు" అనెను. రెండు వారములలో నిక్కరులు నలుపైనవి. అవి వచ్చులోపల రెండు ఆటలకై నేను నల్లబట్ట తెచ్చి, కుమార్తె కుట్టుమిషనుపై నాలుగు కుట్టితిని. కుట్టు అంత నేర్పుగా గుదరలేదు. అయినను నలుగురును తొడిగిరి.

తిరిగి వచ్చుటకు ముందు గ్రంథాలయమున మఱియొక సంగతి చదివితిని. 2021లో లండను నగరమున 30 మంది యీడుపిల్లలు హత్యకు గురియైరి. వారిలో పెక్కండ్రు కత్తిపోట్లవలన మరణించిరి. దానికి నిరసనగా 2022 జనవరి 9వ తేదిని ఆర్సెనలు పురుషుల జట్టు తన యెఱుపును విడిచి, చొక్కా మొదలు మేజోళ్ళవఱకు తెలుపే ధరించి యాడినది. ఆ చొక్కాలను అంగళ్ళ నమ్మలేదు. యువజనుల మేలుకై పాటుపడువారికి బహూకరించిరి. ఆ యాట జరిగిన దెచ్చట? నాటింగ్‌హామ్ ఫారెస్టువారి స్థలమున. ఎఱుపును దానమిచ్చినవారి యింటిలోనే, 135 ఏండ్ల పిదప, ఆ యెఱుపును ప్రక్కకు బెట్టిరి. ఆనాడును ఓడిరి. అయినను ఎవరును తప్పుపట్టిన సంగతి నేను చదువలేదు.

ఒకచోట ఇక రక్తము చిందరాదని తెలుపు దాల్చిరి. మఱియొకచోట రక్తమునకు భయపడి బాలికలు తెలుపును విడిచిరి. రెండును సరియైనవే. రంగులో పుణ్యపాపములు లేవు. తొడుగువారి బాధను ఎవరైన తలచిరా లేదా యనుటయే ముఖ్యము.

చివరి శనివారమున మేమందఱమును ఆట చూడబోయితిమి. నా మనుమరాలు పోయినయేటి చొక్కాతోడను, కొత్త నల్లనిక్కరుతోడను పరుగిడుచుండెను. నడుమ బంతి గీత దాటి మావైపు వచ్చెను. నా కుమార్తె దాని నెత్తి, ఒక చేత పట్టి, రెండవ యరచేతితో గొట్టి లోనికి బంపెను. అది ఫుట్‌బాలువారు కొట్టు తీరు కాదు. ముప్పదియేండ్లయినను ఆ చేయి వాలీబాలును మఱువలేదు.

"అప్పుడు నీ ప్రశ్నకు జవాబు చెప్పలేదే" అంటిని.

"ఏ ప్రశ్న అమ్మా?"

"ఆ ఆచారం ఎవరు పెట్టారని. నేనే పెట్టాను."

ఆమె యేమియు ననక నా భుజముమీద శాలువ సరిచేసినది. సోదరీమణులారా, మీ యింట నేదైన నొక బాలికను "మన ఆచారము కాదు" అని నిలుపబోవునపుడు, ఆ ఆచారము నెవరు పెట్టిరో ఒక్కసారి యడుగుడు. పెట్టినవారు మీరే యైనచో, తీసివేయుటయు మీచేతనే యున్నది. 30 ఏండ్లు ఆగనక్కఱలేదు.